వేరే గిన్నెలో తాళింపు

వంట చేస్తున్నప్పుడు ఎవరైనా గిన్నెలోకి తొంగిచూస్తే వరలక్ష్మమ్మకు ఒళ్ళు మండేది. ఉదయగిరిలో కాపురం ఉన్నన్నాళ్ళూ అత్తగారిని కూడా పొయ్యి దగ్గరికి రానివ్వలేదని ఆ వీధిలో చెప్పుకునేవారు. అలాంటి మనిషికి కాలేజీ వార్డెన్ ఒక లెక్కా? ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరిన కొత్తలో, వార్డెన్ ప్రసన్నకుమారి మూత తీసి చూడబోయింది. "మూత మీద చెయ్యెయ్యమాకండి మేడం. తిన్నాక చెప్పండి," అని మొహమ్మీదే అనేసింది వరలక్ష్మమ్మ. మేడం తిన్నది. ఆ తర్వాత వంటింటి వైపు రాలేదు గానీ పప్పు మారు వేయించుకోవడం మాత్రం మానలేదు.

వాళ్ళది వైశ్యుల కుటుంబం. ఉదయగిరి బజారులో చిల్లర అంగడి ఉండేది. భర్త మల్లికార్జునానికి గుండె జబ్బు చేసినప్పుడు డాక్టరు నెయ్యి చూపించవద్దన్నాడు. ఆమె చూపించలేదు. ఆఖరి రోజుల్లో ఆయన పప్పన్నం కలుపుకుని, "వరలక్ష్మీ, ఒక్క చుక్క వెయ్యవే, నోరు చచ్చిపోయింది," అని చిన్నపిల్లాడిలా చెయ్యి చాచాడు. ఆమె నెయ్యిగిన్నె అలమరలో పెట్టి తాళం వేసింది. నెయ్యి మానినా ఆయన దక్కలేదు. ఆ చాచిన చెయ్యి మాత్రం ఆమెను వదల్లేదు. అంగడి మూసేసి ఆత్మకూరు వచ్చాక కూడా, ఎవరైనా పళ్ళెంలో నెయ్యి వద్దంటే ఆమెకు ఆ చెయ్యే కళ్ళముందు మెదిలేది.

సరిగ్గా అలాంటి మనిషికే శిల్ప తగిలింది.

శిల్ప చేజర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతుల పిల్ల, బీఎస్సీ చదువుతోంది. ఆదివారం బయట రేకుల షెడ్డులో తోటి వంటమనిషి ఓబమ్మ కోడికూర వండితే హాస్టలంతా అక్కడ వరస కట్టేది. శిల్ప ఆ వరసలో నిలబడేది కాదు. అంతవరకూ వరలక్ష్మమ్మకు ముచ్చటగానే ఉండేది. కానీ ఆ పిల్ల పెరుగు గరిటె చూసినా పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టేది. నెయ్యి వద్దు, మజ్జిగ వద్దు, టీ కూడా వద్దు.

"అది వీగన్ అవ్వా. పాలతో చేసింది ఏదీ తినదు," అన్నారు పక్కనున్న పిల్లలు.

"పాలొద్దు, పెరుగొద్దు, నెయ్యొద్దు. ఇంక నీకు గాలి తాళింపేసి పెట్టాల్నా?" అంది వరలక్ష్మమ్మ.

శిల్ప నవ్వింది. "పెట్టవ్వా. నీ చేత్తో పెడితే అదీ తింటా." ఆ నవ్వుకే ముసలామె పడిపోయింది. మర్నాటి నుంచి చిన్న గిన్నెలో ఆ పిల్లకు వేరే పప్పు, వేరే తాళింపు మొదలుపెట్టింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. పొరపాటని నేను మెత్తగా అంటున్నాను గానీ, ఆమె తెలిసి చేసిన పనే. పిల్ల మెడ ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్ళు కళ్ళముందు లేని పిల్ల, ఎవరో ఫోనులో చెప్పిన మాట పట్టుకుని ఒళ్ళు చెడగొట్టుకుంటోందని ఆమె నమ్మకం. శెనగనూనె కాగాక అందులో ఒక చెంచా నెయ్యి జార్చి, పైన ఇంగువ దట్టంగా వేసింది. ఇంగువ ఘాటులో నెయ్యి వాసన ఎక్కడికో పోయింది.

కూరగాయలు తరుగుతున్న ఓబమ్మ చూసింది. "అక్కా, ఆ పిల్ల వద్దనింది గదా?"

"వద్దంటే మానేస్తామా ఏంది? బిడ్డ ఎట్టా ఉండాదో చూసినావా? నువ్వు వంకాయలు చూసుకో."

ఆ రోజు శిల్ప పళ్ళెం నాకినంత పని చేసింది. "అవ్వా, నెయ్యి లేకుండా కూడా పప్పు ఇంత బాగుంటాదా!" అని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి మరీ చెప్పింది. వరలక్ష్మమ్మ మొహం తిప్పుకుని చారు కలిపింది. లోపల మాత్రం మహా గర్వంగా ఉంది.

ఆ చెంచా నెయ్యి రోజూ పడుతూనే ఉంది. నెలలు తిరిగేసరికి ఆ చిన్న గిన్నె పెద్ద గిన్నె అయింది. శిల్ప తినే తీరు చూసి మిగతా పిల్లలకూ నోరూరింది. ఆదివారాల్లో కూడా కోడికూర వరస వదిలి కొందరు ఇటు వచ్చేవాళ్ళు. చింతచిగురు పప్పు, ఉల్లికారం కూరిన గుత్తివంకాయ, నువ్వులపొడి, అలసంద వడలు, చివర్న మజ్జిగకు బదులు బెల్లం ముక్క వేసిన పచ్చిపులుసు. నేలమీద గుండ్రంగా కూర్చుని, ఒకరి పళ్ళెంలోంచి ఒకరు లాక్కుంటూ తినేవాళ్ళు. శిల్ప బుగ్గలకు కాస్త రంగొచ్చింది. ఫోనులో వాళ్ళమ్మతో, "ఇక్కడ ఒక అవ్వ ఉండాది మా, నేను వద్దంటే ఎందుకని అడగదు, నాకు తగినట్టు వండి పెడతాది," అంటుంటే వరలక్ష్మమ్మ విన్నది. విని, ఎందుకో ఆ పూట తాను అన్నం తినలేకపోయింది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం కరెంటు లేదు. ఇద్దరూ వరండాలో కూర్చుని చింతచిగురు దూస్తున్నారు. వరలక్ష్మమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "నాకు ఒక మాట చెప్పమ్మే. పాలంటే నీకు అంత పగ ఏంది?"

శిల్ప తల వంచుకునే చెప్పింది.

"మా బర్రెకు దున్నపోతు దూడ పుట్టింది అవ్వా. అమ్మ పిండేటప్పుడు దూడను లాగి పట్టుకునే పని నాది. అది నా చేతుల్లో పెనుగులాడతా ఉండె. దానికి కొంచెం వదలమ్మా అంటే, నీ ఫీజు కోసమే గదే అనేది అమ్మ. పాలు చాలక దూడ చచ్చిపోయింది. బర్రె చేపడం మానేసింది, పొదుగులోకి పాలు వదల్లా. నాయన దూడ తోలులో వరిగడ్డి కుక్కి, కట్టెలు గుచ్చి దాని ముందర నిలబెట్టినాడు. బర్రె దాన్ని నాక్కుంటా పాలిచ్చింది అవ్వా. తన బిడ్డే అనుకోని." చిగురు మీద కన్నీళ్ళు రాలాయి. "ఇంట్లో చెప్తే తిక్క అంటారు. నీకే చెప్పినా."

వరలక్ష్మమ్మ ఆ పిల్ల తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి ఏం చేస్తూ వచ్చిందో ఆమెకు తెలుసు.

మర్నాడు నెయ్యి వెయ్యలేదు. ఆ మర్నాడూ వెయ్యలేదు. ఇక మీదట వెయ్యకపోతే చాలు, జరిగింది ఎవరికీ తెలియదు అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఓబమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. అంతా సద్దుమణిగేదే. కానీ నాలుక ఊరుకోదు కదా.

"అవ్వా, పప్పు ఏందో తేడాగా ఉండాది," అన్నారు పిల్లలు. శిల్ప మాత్రం సగం అన్నం వదిలేసి, సాయంత్రం వంటింట్లోకి వచ్చింది. చేతిలో జ్వరం మాత్రలు.

"నీకు ఒళ్ళు బాగలేదు గదా అవ్వా? పప్పు తింటానే తెలిసిపోయింది నాకు. ఇయ్యి ఏసుకోని పొడుకో. రేపు మేమే ఏదో ఒకటి వండుకుంటాం."

ఆ మాత్రలు చూసేసరికి వరలక్ష్మమ్మకు గుండె చెరువైపోయింది. తిడితే భరించేది. ఇది ఆమె వల్ల కాలేదు.

"జరం లేదు, గిరం లేదు. నీ పప్పులో నేను నెయ్యేసినా తల్లీ. ఇప్పుడు మానేసినా. అందుకే రుచి పోయింది."

శిల్పకు ముందు అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"మొదటినించీ."

పక్కన ఓబమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది. వరలక్ష్మమ్మ గబగబా చెప్పుకుపోయింది. నువ్వు ఎముకల గూడులా ఉన్నావు, చూళ్ళేకపోయాను, మా ఆయన అడిగితే పెట్టలేదు, నీ కోసమే చేశాను అని.

"నా కోసమే." శిల్ప ఆ మాట మెల్లగా పలికింది. "అమ్మ కూడా అదే అనింది అవ్వా, దూడను లాగి పట్టుకోమన్నప్పుడు. ఎవురేం చేసినా నా కోసమేనా?" "నేనూ ఆ బర్రె మాదిరే గదా. ఎంత ఆశగా తిన్నానో."

మాత్రలు గట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత శిల్ప భోజనానికి రాలేదు. బజారులో బొరుగులు, అరటిపండ్లు కొనుక్కుని గదిలో తింటోందని పిల్లలు చెప్పారు. సంగతి అందరికీ పాకింది. కొందరు నవ్వారు, ఒక్క చెంచాకు ఇంత రాద్ధాంతమా అన్నారు. ఆదివారం వరస మళ్ళీ కోడికూర వైపే మళ్ళింది. వరలక్ష్మమ్మ మాత్రం రోజూ ఆ గిన్నెలో పప్పు వండి, మూత పెట్టి, శిల్ప రాకపోతే సాయంత్రం ఓబమ్మకు ఇచ్చి ఇంటికి పంపేది. నెయ్యిడబ్బాను మాత్రం ఆ పొయ్యి దరిదాపులకు రానివ్వలేదు.

చివరికి ఒక పొద్దున శిల్ప వంటింటి గుమ్మంలో నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

"నువ్వు వండు. నేను చూస్తా ఉంటా. చూసిందే తింటా," అంది.

ఇన్నేళ్ళలో ఎవరినీ గిన్నెలోకి చూడనివ్వని మనిషి పక్కకు జరిగి చోటిచ్చింది. శెనగనూనె డబ్బా ఎత్తి చూపించింది. పోపులపెట్టె మూత తీసి ముందుకు పెట్టింది. చీర కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ కనపడేలా ఉంచుకుని వండింది. శిల్ప రెప్ప వెయ్యకుండా చూసింది. తిన్నది. బాగుందని అనలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి నిలబడింది.

అలా రోజులు గడిచాయి. చూసేది, తినేది, పళ్ళెం కడుక్కుని పోయేది. అవ్వా అన్న పిలుపు లేదు. ఆ పిలుపు కోసం వరలక్ష్మమ్మ ఎంత మొహం వాచిపోయిందో చెబితే నమ్మరు.

పరీక్షల ముందు ఒక రోజు, నూనె కాగుతుండగా శిల్ప చేతిలో పుస్తకం తెరిచి గోడ వైపు తిరిగి చదువుకోసాగింది. వరలక్ష్మమ్మ ఆవాలు పిడికిట్లో పట్టుకుని ఆగిపోయింది.

"ఇటు చూడమ్మా. తాళింపేస్తున్నా."

"పర్లేదులే అవ్వా, వెయ్యి."

అవ్వా అంది. అన్నాళ్ళుగా దేని కోసం ఎదురుచూసిందో అదే మాట. అయినా వరలక్ష్మమ్మ చెయ్యి కదల్లేదు. నూనె పొగలు కక్కుతోంది.

"వద్దు తల్లీ. నన్ను అట్టా నమ్మమాక. నువ్వు చూస్తేనే ఏస్తా."

శిల్ప పుస్తకం మూసి ఇటు తిరిగింది. ముసలామె పిడికిలి తెరిచి, ఆవాలు చూపించి, అప్పుడు వేసింది.