గని బూట్లతోని పడ్డ రోజు

పేపర్ల ఒక మరాఠీ హాస్యనటుడు పోయిండని ఫొటో వేసిండ్రు. నాటకాలల్ల మొదలుపెట్టి, ముసలితనం దాక పడుతూ లేస్తూ నవ్వించిండట. చిన్నప్పుడు ఆయనంటే నాకు ఒళ్లుమంట.

కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లల్ల, కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం పక్కింటి టీవీల, దూరదర్శన్‌ల, ఆయన సినిమా వచ్చేది. మరాఠీ ముక్క రాకున్నా, ఆయన జారిపడ్డప్పుడల్లా మా నాన్న కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వేటోడు. ఇంట్ల నన్ను చూసి ఒక్కనాడన్న గట్ల నవ్విండా? నాన్న నవ్వంతా ఆయనే ఎత్తుకపోతున్నడని కుళ్లుకునేదాన్ని.

ఒకనాడు రోషమొచ్చి, నాన్న గనిలకు దిగేటప్పుడు తొడుక్కునే బూట్లేసుకుని, ఆయన లెక్కనే ఊగుకుంట నడిచి, గడప కాడ కావాలనే దబ్బున పడ్డ.

నాన్న నవ్వలే. ఉరికొచ్చి ముందుగాల బూట్లు గుంజేసిండు. రెండు చేతులతోని నా కాళ్లు తడిమి చూసిండు.

"ఇవేసుకొని పడకు బిడ్డా."

నాకింకా కుళ్లు పెరిగింది. పెద్దయినంక అర్థమైంది. సినిమాల పడ్డోడు లేస్తడు. గనిల ఆ బూట్లతోని పడి మళ్ల లేవనోళ్లను మోసిన చేతులు నాన్నవి.