భీమిలి దాటాక కొండ అంచున

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. అందులో కలలు కూడా రాయను. జరిగిందే రాస్తాను.

మాది అశోక్‌నగర్. చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే యాదగిరి, నేను రోజూ పార్కులో నడిచేవాళ్లం. నడక అయ్యాక అందరం గుండ్రంగా నిలబడి, చేతులెత్తి గట్టిగా నవ్వడం మా నవ్వుల క్లబ్బు పద్ధతి.

కిందటేడు విశాఖలో మా మేనకోడలి పెళ్లికి అతన్ని వెంట తీసుకెళ్లాను. మర్నాడు పొద్దున భీమిలి దాటి, పెద్దగా ఎవరూ ఎక్కని ఒక కొండ ఎక్కాం. దారి తేలికే. ఒకవైపు జీడితోటలు. మరోవైపు ఎర్రమట్టి అంచు, నిట్టనిలువునా కింద సముద్రం. ఇసుక మీద ఆరేసిన వలలు పైనుంచి చేతిరుమాళ్లంత ఉన్నాయి.

"మన ట్యాంక్‌బండ్‌కు అవతలి ఒడ్డన్న కనబడ్తది సార్, దీనికి అది సుత లేదు" అన్నాడు యాదగిరి. "జర నవ్వుదాం పాండ్రి, పార్కుల లెక్క."

చేతులెత్తి నవ్వాం.

చెళ్లున చెంపదెబ్బ చప్పుడు. యాదగిరి పెదవి చిట్లింది. చుట్టూ ఎవరూ లేరు. రెండో దెబ్బకి బోర్లా పడ్డాడు. పడ్డవాణ్ని ఏదో కాళ్లు పట్టి అంచు వైపు ఈడ్చింది. నేను అతని రెండు చేతులూ పట్టుకుని, మడమలు మట్టిలో తన్నిపెట్టి, వెనక్కి లాగాను.

"గుంజుతున్నరు సార్!" అని అరిచాడు.

నా మూతి మీద ఏదో బలంగా తగిలి ముందుపన్ను ఊడింది. నోరంతా రక్తం. అయినా విడవలేదు. అతని కుడి భుజం కీలు తప్పడం నా చేతులకి తెలిసింది. అంతలో ఆ పట్టు వదిలింది.

ఆస్పత్రిలో చూస్తే అతని చీలమండల చుట్టూ నల్లగా కమిలి ఉంది. నేను మంచం పక్కన కూర్చోగానే యాదగిరి గోడ వైపు జరిగాడు.

"కొట్టింది మీరు. సముద్రంల పడేయనీకి గుంజింది మీరు. ఎనకకెల్లి ఎవరో కాళ్లు పట్టుకొని ఆపిండ్రు, గందుకే బతికిన. నేనేం జేసిన సార్ మీకు?"

"మతి పోయిందా యాదగిరీ? నిన్ను కాపాడింది నేను!"

"మరి మీ పన్ను ఎవరు ఊడగొట్టిండ్రు? నేనే. ఇడిపించుకోనీకి తలతోని గుద్దిన."

ఇప్పుడు అతను రోజూ నడకకి బాగ్ లింగంపల్లి వైపు వెళ్తున్నాడు. ఎదురుపడితే రోడ్డు దాటిపోతాడు.

నేను జీడితోటల వైపు నిలబడే లాగాను. ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. కానీ ఒక్క సంగతి. ఆ పట్టు వదిలినప్పుడు నేను వెనక్కి కూలబడ్డాను. ఆసరాకి వీపు వెనక చెయ్యి ఆనించబోయాను.

అక్కడ నేల లేదు.