సాక పోసిన రేగడిలో రిమోట్ కార్లు

తొంభైల మొదట్లో మా చిన్నాయన కొడుకు బొంబాయి నుంచి రెండు రిమోట్ కార్లు తెచ్చాడు. ఒకటి నారాయణఖేడ్‌లో మా ఇంటికి, ఇంకొకటి మనూర్‌లో మా అక్క ఇంటికి. పిల్లల కోసమని తెచ్చినవి వారం తిరగకముందే పెద్దల పాలయ్యాయి. ఒకదాని రిమోట్‌కు ఇంకోటి కదలదు. అచ్చం నాలాగా, మా బావలాగా.

నాది బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం. బావది మోటార్ల వైండింగు. నా పెళ్లిలో బట్టలు పెట్టేటప్పుడు, ఇంటి అల్లుడైన ఆయనకంటే ముందు ఇంకెవరికో పెట్టారట. ఆ రోజు అలిగిన మనిషి రెండేళ్లయినా నాతో నోరు విప్పలేదు. పెద్దలు చేసిన పొరపాటుకు నన్ను సాధించడమేమిటని నేనూ బిగుసుకున్నాను. "మీ తమ్మునికి చెప్పు" అని ఆయన, "బావకు చెప్పు" అని నేను. మధ్యలో అక్క నలిగిపోయింది. పండక్కి ఒక్కతే వచ్చి, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కేది.

ఆ ఎండాకాలం మేనల్లుడి పుట్టువెంట్రుకలు బోరంచలో, నల్లపోచమ్మ దగ్గర తీయాలనుకున్నారు. మేనమామ ఒడి లేనిదే ఆ పని జరగదు. చెప్పడానికి అక్క దుకాణానికి వచ్చింది.

"తమ్మీ, నీ కారు గూడ తే. బావ తనది తెస్తుండు. చేన్ల ఉరికిద్దమంటుండు," అంది. ఆయన నిజంగా అన్నాడో, తనే కల్పించిందో నేనడగలేదు. "ఆ పొద్దన్న మాట్లాడుకోన్రి, నా కోసం," అని వెళ్లిపోయింది.

ఇక కారు పని పట్టాను. దుకాణం గచ్చు మీద దూసుకుపోయేది కాస్తా మొరం మీద పెట్టగానే ఎగిరెగిరి పడింది. బాల్ పెన్నుల స్ప్రింగులు వేసి కుదుపు తగ్గించాను. బోరంచ చేలు నల్లరేగడి, ఎండాకాలం పైనంతా పొడి దుమ్ము. అందుకని చక్రాలకు సైకిలు ట్యూబు పట్టీలు చుట్టి, బ్లేడుతో అడ్డంగా గాట్లు పెట్టాను. సెల్లులు వెనక్కి జరిపితే వెనక చక్రాలకు బరువు దొరికి పట్టు పెరిగింది. అవే చక్రాలు మళ్లీ గచ్చు మీద దడదడలాడాయి. ఏ నేలకు ఆ చెప్పులు అనుకున్నాను. బావ గాట్లు లేని నున్నటి రబ్బరే వేశాడని అక్క ద్వారా తెలిసి, గెలుపు నాదేనని మీసం దువ్వాను.

బోరంచలో తలనీలాలు అయ్యాయి, భోజనాలయ్యాయి. బావ నా వైపు చూడనే లేదు. ఇద్దరం చేలో కార్లు పక్కపక్కన పెట్టి రిమోట్లు పట్టుకున్నాం. అంతలో అక్క చెంబుతో ఉరికివచ్చింది.

"ఆగున్రి! కొత్త బండ్లు, అమ్మ ముంగట సాక పొయ్యకుండ ఎట్ల ఇడుస్తరు?"

వేపాకు వేసిన పసుపునీళ్లు రెండు కార్ల ముందూ ధారగా పోసింది. పోచమ్మకు పోసే సాకను వద్దనే ధైర్యం ఎవరికుంది? కార్లు వదిలాం. బావ కారు తడిలో జారి ఉన్నచోటే చక్రాలు తిప్పింది. నా గాట్ల నిండా బంకమట్టి పట్టి, చక్రాలు లడ్డూలంత అయ్యాయి. నాకు ఒళ్లు మండింది. మీట ఇంకా గట్టిగా నొక్కాను. కారులోంచి కమురు వాసన వచ్చింది.

"ఒత్తకు! మోటర్ కాలుతది, ఇడువు!"

అరిచింది బావ. నాతోనే. ఎదుట మోటారు కాలుతుంటే వైండింగు చేసే మనిషి ఊరుకోలేకపోయాడు. నా వేలు దానంతటదే మీట వదిలేసింది.

ఆయన వచ్చి గొంతుకూర్చుని, వేపపుల్లతో నా చక్రాల మట్టి తీయసాగాడు. "గిన్ని గాట్లు పెడ్తవా బామ్మర్ది? రేగడి ఊకుంటదా?"

"మరి నీదేంది బావా, ఆడనే తిరుగుతుండె?" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క మాత్రం నవ్వలేదు. ఖాళీ చెంబు పట్టుకుని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మోటర్ కాలుతదని ఒర్రినవ్. రెండేండ్ల సంది నేను కాలుతున్న గద, ఒక్కరన్న చూసిన్రా?" అని అక్కడే చేలో కూలబడి ఏడ్చింది.

మా ఇద్దరికీ తలెత్తే మొహం లేకపోయింది.