రాణిగారి సాక్సులు

కువైట్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో చిలకకోట రాణి గొంతు ఎరగనివాళ్లు తక్కువ. శుక్రవారం భోజనాలయ్యాక ఫోన్లలో రేడియో నాటకం మొదలై ఆ గొంతు వినబడిందంటే మంగఫ్ గదుల్లో పేకముక్కలు పక్కన పెట్టేస్తారు. షుఐబా రేవులో డ్యూటీ పడ్డవాళ్లు ఒక చెవి పనికిచ్చి రెండో చెవి రాణికిస్తారు. మెల్లగా మొదలై, కోపమొస్తే ఇల్లెగిరిపోయేలా లేచే గొంతు. రాణికి ఇరవై దాటి ఉండవని అందరి నమ్మకం. పెళ్లి సంబంధం మాట్లాడదామని రేడియోకి ఫోన్ చేసిన మహానుభావులూ ఉన్నారు.

ఆ గొంతు గంగాదేవిది. రాయచోటి వైపు మనిషి. వయసు యాభై దాటింది, ముందుపన్ను ఒకటి ఊడింది, ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. తనకు పెళ్లి సంబంధాలు వస్తున్నాయని తెలిసిన రోజు బిర్యానీ మాడబెట్టేంతగా నవ్వుకుంది.

వాళ్లది తోలుబొమ్మలాటల కుటుంబం. తండ్రి గంగులయ్య బొమ్మలాడించేవాడు, తల్లి గురమ్మ పాడేది. ఊహ తెలిసినప్పటి నుంచీ గంగాదేవికి తెర వెనకే బడి. చిలకల, జింకపిల్లల, ఉయ్యాల్లో ఏడ్చే బిడ్డల గొంతులు ఆమె వాటా. ఆటలో యుద్ధమొస్తే కాళ్ల కింద చెక్కలు టకటకా తొక్కాలి. ఆట మొదలుపెట్టాక వానొచ్చినా దీపమారినా గొంతు ఆపకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, బొమ్మను నమ్మినవాళ్లకు మన మొహం చూపించకూడదు. తండ్రి ఈ మాట అన్నం పెట్టినంత తరచుగా చెప్పేవాడు. తర్వాత ఊళ్లలోకి టీవీలొచ్చాయి, బొమ్మలు అటకెక్కాయి, గంగాదేవి విమానమెక్కింది. వచ్చిన ఇంట్లో పిల్లలకు అన్నం తినిపించడానికి ఒంటెలాగానూ పిల్లిలాగానూ మాట్లాడుతుంటే, మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వంటింటి గుమ్మంలో నిలబడి తనూ వినేది. అందుకే గంగాదేవి శుక్రవారం సెలవుకు ఆ ఇంట్లో ఎప్పుడూ అడ్డు లేదు.

ఫోన్‌లో వినే ఆ రేడియో కుక్కుటేశ్వరరావుది. కోనసీమ మనిషి, షుఐబాలో క్రేన్ నడుపుతాడు. మంగఫ్‌లో తన గది గోడలకు దుప్పట్లు వేలాడదీసి స్టూడియో అన్నాడు, మనం కూడా అనాలి. మొదట్లో ఆడవాళ్లెవరూ దొరక్క రాణి వేషం తనే కట్టాడు. అది విని గంగాదేవి ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"సారూ, రాణి అట్ల ఏడుస్తాదా? ఎవురో గొంతు పిసికినట్లుండాది."

"అయితే మీరే వచ్చి ఏడవండి తల్లీ. నాకూ పీడా వదులుతుందండి!"

వెళ్లింది, ఏడ్చింది. కుక్కుటేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నాటకంలో యుద్ధం వచ్చింది. గంగాదేవి కాళ్లు చిన్నప్పటి అలవాటు మరవలేదు, దడదడమని నేలను తొక్కాయి. నైట్ డ్యూటీ చేసి పడుకున్న కింది గది తెలుగు కుర్రాళ్లు లుంగీలు ఎగ్గట్టుకుని పైకొచ్చేశారు. కాలు ఆపితే ఆమెకు గొంతు రాదు, కాలు ఆడితే కిందివాళ్లకు నిద్ర రాదు. ఆఖరికి కుక్కుటేశ్వరరావు దళసరి ఉన్ని సాక్సులు కొనుక్కొచ్చాడు. అప్పటి నుంచి చిలకకోట రాణి సాక్సులు తొడుక్కునే యుద్ధాలు గెలిచింది. రాణితోపాటు రాక్షసులూ ముసలమ్మలూ గుర్రాలూ ఆమే. మధ్యలో పాటలు సరేసరి. పాడిన రోజు ఆమెకు ఆకలి కూడా వేసేది కాదు, అంత సంతోషం.

నిరుడు చలికాలంలో చిక్కొచ్చిపడింది. వఫ్రాలో ఒక తోటలో శ్రోతలందరినీ కలుపుదామని, వాళ్లముందే నాటకం వేద్దామని కుక్కుటేశ్వరరావుకు బుద్ధి పుట్టింది. గంగాదేవి వద్దే వద్దంది.

"నన్ను సూస్తే రాణి సచ్చిపోతాది సారూ. ఇంగెవురూ వినరు. నాకుండేది ఈ శుక్రవారమొకటే."

"మీరు కనపడక్కర్లేదండి. ముందు సత్యదుర్గ నిలబడి పెదాలు కదుపుతాది. మీరు దుప్పటెనకాల ఉండి మాట్లాడండి."

సత్యదుర్గ బ్యూటీపార్లర్‌లో పనిచేసే పిల్ల, చూడచక్కనిది. గంగాదేవికి ప్రాణం లేచొచ్చింది. బొమ్మ ముందు, గొంతు వెనక. ఇంతకంటే ఏం కావాలి! ఇక్కడ కింద గదులు లేవు కదా అని కాళ్ల కిందికి చెక్కలు కూడా అడిగి వేయించుకుంది. దుప్పటి కట్టిన గుంజలు ఆ చెక్కల మీదే నిలబెట్టారని ఎవరూ గమనించలేదు.

జనం కిక్కిరిశారు. సత్యదుర్గ కిరీటంతో వెలిగిపోతోంది. యుద్ధం వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత కాలికింద చెక్క తగిలేసరికి గంగాదేవికి ఒళ్లు తెలియలేదు. తొక్కిన తొక్కుడుకు గుంజలు ఊగాయి, దుప్పటి జారి కింద పడింది.

పాత స్వెటరు, ఉన్ని సాక్సులు, బొమ్మలు పట్టుకున్నట్టు గాల్లో ఆడుతున్న రెండు చేతులు. అందరూ చూశారు. సత్యదుర్గ పెదాలు ఆగిపోయాయి. గంగాదేవికి ఏడుపొచ్చింది, కానీ గొంతు ఆగలేదు. గొంతు ఆపడం ఆమెకెవరూ నేర్పలేదు. యుద్ధం గెలిచింది, పాట పాడింది, ఆట ముగించి చెక్క మీద కూలబడింది. చప్పట్లు లేవు. అయిపోయింది అనుకుంది.

అప్పుడు జనంలోంచి ఓబులేసు లేచాడు. పులివెందుల వైపు మనిషి, వఫ్రాలోనే మేకలు కాస్తాడు. వారమంతా మనిషితో మాట లేక, శుక్రవారం రేడియోకి ఫోన్ చేసి రాణెమ్మను పలకరించేవాడు. రాణికివ్వాలని మేకపాలతో కోవా చేసి డబ్బాలో తెచ్చాడు. కిరీటం పెట్టుకున్న సత్యదుర్గను దాటి నేరుగా గంగాదేవి దగ్గరికొచ్చాడు.

"నువ్వేనా రాణెమ్మా?"

"నేనే నాయనా. సూస్తివి గదా. ఇంగ వినబుద్ధి కాదులే నీకు."

"ఎందుకు గాదు? యాడో మేడలో కూసోని మాట్లాడే పడుసుపిల్లవనుకుంటి. నా మాదిరే సలికి సాక్సులేసుకోని పనికిపొయ్యే మనిసివి. రాణి మావోళ్లేనని మేకలకు గూడా సెప్తా పో!" అని డబ్బా చేతిలో పెట్టాడు. "తినక్కా."

రాణెమ్మ అక్క అయిపోయింది. అప్పుడు మొదలైన చప్పట్లు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఊడిన పన్ను సందు కనబడుతుందని ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే గంగాదేవి, ఆ చేత్తో కోవా తింటూ అందరి ముందూ నోరారా నవ్వింది.

మరుసటి శుక్రవారం స్టూడియోలో మొదటి ఫోన్ ఓబులేసుదే. "అక్కా, ఆ సాక్సులు తీసి గెట్టిగా తొక్కు. ఆ పొద్దు ఇన్నట్ల ఇనాల."

గంగాదేవి కుక్కుటేశ్వరరావు వంక చూసింది. ఆయన నేల వంక చూసి, కానివ్వండన్నట్టు తలూపాడు. ఆమె సాక్సులు విప్పి పక్కన పెట్టి, తండ్రిని తలుచుకుని ఒక్కటి తొక్కింది. దుప్పట్లు అదిరాయి. ఇద్దరూ మెట్ల వైపు చెవులు పెట్టారు. ఎవరూ పైకి రాలేదు. కింది గది కుర్రాళ్లు కూడా వఫ్రా వచ్చినవాళ్లే.