ఎరుపు తీసేసిన ఫోటో

మా ముత్తాత గ్రామ మునసబు. శింగనమల చెరువు నిండిన ఏట, ఆయన వచ్చి కొబ్బరికాయ కొట్టేదాకా తూము ఎత్తేవారు కాదు. మా తాత సమితి ప్రెసిడెంటు. కలెక్టరు జీపు మా ఇంటి ముందు ఆగితే తాత అరుగు దిగేవాడు కాదు, కలెక్టరే మెట్లెక్కి వచ్చేవాడు. ఇవి గొప్పకు చెప్పుకునే మాటలు కావు. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మొన్నమొన్నటి దాకా చెప్పేవారు.

ఆ ఇద్దరి ఫోటోలూ మా పడసాలలో పక్కపక్కనే ఉన్నాయి. నలుపు తెలుపు ఫోటోలు. తెల్ల అంగీ, తెల్ల పంచె, తలపాగా, నుదుట నల్లగా పడిన కుంకుమ బొట్టు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. ఫోటోకు నవ్వడం మా ఇంట్లో లేదు.

నాయన పోయాక మూడో చోటు ఆయనది. సంవత్సరీకం నాటికి అక్కడ ఫోటో ఉండాలని అనుకున్నాను. వెతికితే స్టూడియోలో తీయించుకున్నది ఒక్కటీ దొరకలేదు. ఆయన ఫోనులో మాత్రం ఒకటి ఉంది. మనిషి నిటారుగా, కెమెరా వైపు చూస్తూ ఉన్నది అదొక్కటే.

అది తీసింది శనక్కాయ చేనులో. బోర్లు ఎండి, చేలు ఒక్కొక్కటే చేయి దాటిపోయాక నాయన చివరి రోజుల్లో కూలికి వెళ్ళేవాడు. ఇస్త్రీ అంగీ వేసుకునే వెళ్ళేవాడు. చెట్లు పీకడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె ఆయన ఫోనే తీసుకుని, "రవ్వంత నగు పెద్దయ్యా, సొమ్మేం పోదులే" అని తీసిందట. నాయన నవ్వాడు. తెల్ల అంగీ నిండా, రొమ్ము నుంచి నడుము దాకా ఎర్రమన్ను.

ఫోను తీసుకుని అనంతపురం వెళ్ళాను. మా తాత ఫోటో తీసినాయన కొడుకు అక్కడి పాతూరులో స్టూడియో నడుపుతున్నాడు. ఇప్పుడక్కడ ఫ్లెక్సీల పనే ఎక్కువ. ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించి చాలాసేపు చూశాడు.

"రంగు బాగుండాదే అన్నా. పెద్దాయన నగుతాండాడు. దీన్నెందుకు నలుపు చేసేది?"

"పక్కన మా తాత ఉన్నాడు. ఆయన పక్కన రంగుల్లో పెడితే బాగుండదు."

"పెడితే ఆయనేమన్నా గోడ దిగొచ్చి కొడతాడా?"

"చెప్పిన పని చెయ్యి భాయ్."

ఒక్క నొక్కుకు రంగులన్నీ పోయాయి. మన్ను మాత్రం పోలేదు. బూడిద రంగు మరకలై అంగీ మీదే ఉంది. ఈ మరకలు పోవాలన్నాను. అప్పుడతను వేరే పద్ధతి చూపించాడు. ఫోటోను నలుపు తెలుపు చేసేటప్పుడు ఏ రంగు తెలుపు వైపు పోవాలో, ఏది నలుపు వైపు పోవాలో విడివిడిగా చెప్పవచ్చట. ఎరుపును తెలుపు వైపు జరుపుతూ పోయాడు. మన్ను పలచబడింది. ఇంకొంచెం అన్నాను. అంగీ చాకలి ఇంటి నుంచి వచ్చినట్టయింది.

ముఖం కూడా తెల్లబడింది. ఎండకు కమిలిన చర్మమంతా ఎరుపే కదా. కళ్ళ పక్క గీతలు పోయాయి, పెదవులు ముఖంలో కలిసిపోయి నవ్వు ఉందో లేదో తెలియకుండా అయింది. నాకది నష్టంగా అనిపించలేదు.

"అన్నా, బొట్టు కూడా పోయె," అన్నాడు.

"గీయి."

"గీస్తా. ఫోటోలో మీ తాతకు మీసాలు దిద్దింది మా నాయనంట. మీ నాయనకు బొట్టు నేను పెడతా. మీ ఇంటి సింగారమంతా మా చేతిలోనే ఉండాది చూడు."

నుదుటి నడుమ, సరిగ్గా ముక్కుకు నిట్టనిలువున, గుండ్రంగా పెట్టాడు.

"రంగుది కూడా ఒకటి దాసిపెట్టమంటావా?"

"వద్దు. తీసెయ్. నీ కంప్యూటరులో కూడా ఉండకూడదు."

సంవత్సరీకానికి బంధువులు వస్తారు. ఒకరి ఫోనులో పడితే అందరి ఫోన్లలోనూ పడుతుంది. మునసబు మనవడు ఎవరి చేనులో నిలబడి నవ్వాడో లోకానికి చూపించే అవసరం నాకు కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

సంవత్సరీకం ముందురోజే ఫోటో గోడకెక్కించాను. దూరం నుంచి చూస్తే ముగ్గురూ ఒక్క వరుస మనుషులే. తెల్లవారాక అమ్మ పూలహారం తీసుకుని పడసాలలోకి వచ్చి, ఆగిపోయింది.

"ఎవరు రా ఈయన?"

"నాయనే కదమ్మా."

"మీ తాత మాదిరి ఉండాడు."

ఆ మాటకు సంతోషించాను. అమ్మ ఇంకా దగ్గరికి వెళ్ళి చూసింది.

"మీ నాయన ఎండకు మాడి కుంకుడుకాయ మాదిరి ఉండె. ఈయన ఎండ మొగమే చూసినట్టు లేదు. ఈ బొట్టూ ఆయనది కాదు. అద్దం చూడకుండా పెట్టుకుంటాండె, ఎప్పుడూ ఒక పక్కకు పోతాండె." హారం నా చేతిలో పెట్టింది. "నువ్వే ఎయ్యి. నాకు ఆ చేనులోది చూపీ, నగుతాండేది. గోడకు వద్దులే. చేతిలో చూసుకుంటా."

చుట్టాలు చూస్తుండగా హారం నేనే వేశాను. పిండ ప్రదానం అయ్యాక పెరట్లోకి వెళ్ళి స్టూడియోకు ఫోను చేశాను.

"నువ్వే తీసేయమంటివి కదన్నా, ఆ పొద్దే తీసేసినా," అన్నాడతను. "అయినా మీ నాయన ఫోనులో ఉంటాది, చూడు."

అమ్మ ఇప్పుడు గట్టిగా ఏమీ అడగదు. సాయంత్రాలు నా ఫోను తీసుకుని, నాయనది ఇందులోకి వచ్చిందేమోనని ఒక్కో బొమ్మా జరుపుతూ కూర్చుంటుంది. పడసాలలోని ఫోటో వైపు తలెత్తదు.

నాయన ఫోనును, స్టూడియో నుంచి వచ్చిన రోజే, అందులో ఉన్నదంతా చెరిపించి బస్టాండు దగ్గర సెల్లు అంగడిలో అమ్మేశాను.