మూడో పాట

సీలేరు దగ్గరి సంతలో మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే ఒకాయన ఉండేవాడు. సెల్ టవర్ పని మీద ఆ కొండల్లో తిరిగే నేను వారం వారం ఆయన బల్ల దగ్గర ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేవాణ్ణి.

ఆయనకొక అలవాటు. ఎవరు ఏ సినిమా పాటలు అడిగినా, మూడోదిగా ఎవరూ వినని పాటొకటి చేర్చేవాడు. కొత్తగా పాడేవాళ్ళు ఇంట్లోనే రికార్డు చేసి, నెట్‌లో ఉచితంగా వదిలిన పాటలవి. నర్సీపట్నం దిగినప్పుడల్లా వెతికి దించుకొచ్చేవాడు. మొదట పెడితే తిట్టి తీయిస్తారట, చివర పెడితే అక్కడిదాకా రారట.

"మద్దిలో ఈ పాటేటన్నా? బేగి తీసీ" అని జనం విసుక్కునేవారు.

"ఒకపాలి పూర్తిగా ఇను. నచ్చకపోతే నానే తీసెత్తాను" అనేవాడు.

మా టవర్ లేచి కొండల్లోకి నెట్ వచ్చాక కార్డులు అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

"ఇప్పుడన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదన్నా" అన్నాను.

"దొరుకుతాయి బాబూ. పేరు తెలిస్తే కదా ఎతుకుతారు! కొత్తగా పాడే ఈ గుంటల పాట ఎవులింటారు?"

ఆఖరిసారి చూసినప్పుడు అదే బల్ల మీద చింతపండు అమ్ముతున్నాడు. పక్కనే చిన్న స్పీకరులో ఎవరో అమ్మాయి గొంతు. పిడికెడు చింతపండు చేతిలోకి తీసుకున్న ముసలామె ఆగి, "ఎవులిదిరా ఈ పాట?" అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. పాడేరు అవతలి గుంట పాడిందని, ఎవరైనా వింటే చాలని ఊరికే వదిలిందని గబగబా చెప్పాడు.

"బాగుంది గానీ, సౌండు తగ్గించు నాయనా. బేరం ఇనబడ్డం నేదు."

ఆయన కూర్చుని, సౌండు తగ్గించాడు. పాట ఆపలేదు.