అందరి పేర్లూ చదివారు

ఆ రోజుల్లో నేను అమెరికాకి కొత్త. వయసు అరవైకి దగ్గరపడినా, కొత్తగా దిగినవాళ్లకుండే పడుచు ఉత్సాహం నాకూ ఉండేది. మిషిగన్‌లో ఒక తెలుగు క్యాటరింగ్ వంటింట్లో నా మొదటి ఉద్యోగం. మనుషులు నలుగురూ ఒకచోట చేరితే ఎంతటి పనైనా అయిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. (నలుగురికీ వండడమే తప్ప, నలుగురితో పని చేయించడం ఎరగను కదా మరి.)

మా వంటింటి పైగదిలో ఖమ్మం నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అమ్మాయి ఉండేది. మనిషి పొడుగు కావడంతో అందరం పొడుగుపిల్ల అనేవాళ్లం. ఒక పొద్దున ఇమిగ్రేషన్ వాళ్లు ఆ పిల్లని పట్టుకుపోయి మా కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో పెట్టారు. వీసా కాగితాల్లో ఏదో తేడా అన్నారు. ఆ తేడా సంగతి లాయరు చూసుకునేవాడే గానీ, లాయర్ని లోపలికి రానిస్తేగా! అన్నిటికంటే ఘోరం, ఆ పిల్లకి ఉబ్బసం. పీల్చుకునే ఇన్‌హేలర్ గదిలోనే ఉండిపోయింది. నేను పట్టుకెళితే గేటు దగ్గరే వెనక్కి పంపేశారు.

దాంతో సంఘాలన్నీ కదిలాయి. మా తెలుగు సంఘం, అందులోంచి అలిగి వెళ్లిన రెండో తెలుగు సంఘం, గురుద్వారా వాళ్లు, నల్లవాళ్ల చర్చి, మెక్సికో కూలీల సంఘం. ఆ జైలు మీద అజమాయిషీ ఉన్న కౌంటీ బోర్డు మీటింగ్‌లో జనానికి మాట్లాడే వీలుంటుంది, కాకపోతే గుంపుగా వస్తే గుంపంతటికీ కలిపి మూడు నిమిషాలే. అందరి తరఫునా ఒకరు లేచి, లాయర్ని రానివ్వండి, మందు అందనివ్వండి అని అడగాలి. అంతే పని.

ముందురోజు చర్చిలో అందరం కూర్చున్నాం. నా పులిహోర ఇంకా చల్లారనే లేదు, గొడవ మొదలైంది.

"మాది పాత సంఘం. మా పేరే ఫస్ట్ చదవాలి," అన్నారు మా అధ్యక్షులవారు.

"ఆ పాత కంపు భరించలేకే కదా బ్రదర్, మేం బయటికొచ్చింది!" అన్నాడు రెండో సంఘం అధ్యక్షుడు.

చర్చి పాస్టరమ్మ మెల్లగా, "ముందు ఆ అమ్మాయి పేరు చెబుదామా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ష్యూర్ మేడమ్, బట్ ప్రోటోకాల్ ఉంటుంది కదా!" అన్నారు మా అధ్యక్షులవారు.

నాకు ఒళ్లు మండింది. "నాయనలారా, అక్కడ పిల్ల ఊపిరాడక చస్తుంటే ఇక్కడ మీ పేర్ల గోలేమిటి?"

"ఆంటీ, మీరు ప్లేట్లు సర్దండి, ఇది మేం డిస్కస్ చేస్తాం," అన్నాడు రెండో సంఘం అధ్యక్షుడు.

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, మాట్లాడేది మా అధ్యక్షులవారే, కానీ ముందు అందరి పేర్లూ చదవాలి.

చదివారు. మర్నాడు బోర్డు మెంబర్లకి ఒక్కొక్కరికీ నమస్కారాలు చెప్పి, సంఘాల పేర్లు, వాటి కార్యవర్గాల పేర్లు, పెళ్లిపందిట్లో చదివింపుల్లా తాపీగా చదివారు. వెనకనుంచి ఎవరో, "అన్నా, మా ట్రెజరర్ మిస్ అయిండు!" అని అరిస్తే, సారీ చెప్పి మళ్లీ వెనక్కి వెళ్లారు. తొందరపెడదామని పాస్టరమ్మ ఆయన కోటు పట్టి లాగింది. తన పేరు చదవమంటోందనుకుని ఆవిడ పేరు రెండోసారి చదివారు. అప్పుడు గొంతు సవరించుకుని, "ఈ రోజు మనమంతా ఇక్కడ ఎందుకు చేరామంటే..." అనగానే గంట మోగింది. మైకు ఆగిపోయింది.

పాస్టరమ్మ లేచి బతిమాలింది. మీ గుంపు టైమ్ అయిపోయింది, వచ్చే నెల రండి అన్నారు.

మా తర్వాత లేచిన తెల్ల పెద్దాయన, పార్కులో కుక్కలకి మంచినీళ్ల కుళాయి కావాలని అడిగి, సగం టైమ్‌లోనే కూర్చున్నాడు. బోర్డు అధ్యక్షస్థానంలో ఉన్నావిడ తలూపి రాసుకుంది.

బయట మెట్ల మీద శాలువాలు కప్పారు, ఫోటోలు దిగారు. (వంటావిడని కూడా మర్చిపోలేదండోయ్.) "ప్రోగ్రామ్ సక్సెస్!" అని అధ్యక్షులవారు అందరినీ కౌగిలించుకున్నారు. పాస్టరమ్మ మాత్రం శాలువా మడిచి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

వచ్చే నెల దాకా పొడుగుపిల్ల ఆగలేకపోయింది. ఆయాసం పడలేక, దేశం విడిచి వెళ్లిపోతానని సంతకం పెట్టేసింది. చదువూ పోయింది, వీసా పోయింది. ఖమ్మం చేరాక ఫోన్ చేసింది. మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది.

"వాట్సాప్ గ్రూప్‌ల ఫోటోలు చూసిన ఆంటీ. నా కోసం అంతమంది వచ్చిన్రా!"

"వచ్చారమ్మా."

"ఏం మాట్లాడిన్రు ఆంటీ నా గురించి?"

నేను ఇప్పటికీ ఏ మీటింగ్‌కి పిలిచినా వెళతాను, వెళ్లకపోతే ఊరుకోలేను, వెళ్లినా ఏమీ కాదని తెలుసు. ఆ రోజు ఫోన్‌లో మాత్రం, "చాలా చెప్పారమ్మా, అంతా మంచే చెప్పారు," అన్నాను. ఆ మెట్ల మీది ఫోటో నా ఫోన్‌లో ఉంది. మధ్యలో శాలువా కప్పుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ముసలమ్మ నేనే. నిజంగా ఏదో సాధించినట్టే ఉంది పిచ్చి మొహం. చూసినప్పుడల్లా నాకూ నవ్వొస్తుంది.